మత్తుపై డెల్టా పోరు: నిలదీయాల్సింది ఎవరిని?

మాదకద్రవ్యాల వ్యతిరేక దినమైన జూన్ 26 దగ్గరపడితే బందరులోనైనా, గుడివాడలోనైనా, అవనిగడ్డలోనైనా బడిపిల్లలు ప్లకార్డులు పట్టుకుని రోడ్డెక్కుతారు. 'డ్రగ్స్ వద్దు బ్రో' అని నినాదం ఇస్తారు, ప్రతిజ్ఞ చేస్తారు, ఫొటోలు దిగి ఇళ్లకు వెళతారు. అదే రోడ్డు మీద అదే సాయంత్రం ప్రభుత్వం లైసెన్సిచ్చిన మద్యం దుకాణం ముందు కూలి డబ్బులు చేతపట్టుకుని జనం నిలబడతారు. ఈ రెండు దృశ్యాలనూ మనం విడివిడిగా చూడడానికి అలవాటుపడ్డాం. గంజాయి నేరం, మద్యం ఆదాయం, కల్లు కులవృత్తి, సారా ఆడవాళ్ల సమస్య అని నాలుగు అరలు చేసుకుని వేటి చర్చ వాటికే చేస్తున్నాం. ఈ నాలుగింటి చరిత్ర ఒకటే. దిగువ కృష్ణా డెల్టాను మధ్యలో పెట్టుకుని ఆ చరిత్రను మొదటి నుంచీ చదివితే ఒక సంగతి మళ్లీ మళ్లీ కనిపిస్తుంది. ఇక్కడి సమాజం మత్తును అమ్మేవారిని, దాని మీద బతికే ఖజానాను నిలదీసినప్పుడల్లా ఎంతోకొంత గెలిచింది. తాగినవాడినీ గీసినవాడినీ దోషిగా నిలబెట్టినప్పుడల్లా ఓడింది. గంజాయి విషయంలో ఇప్పుడు మనం రెండో దారిలో నడుస్తున్నామన్నదే నా ఆందోళన.

రేవులో భంగు, పల్లెలో కల్లు

మత్తంటే అసహ్యం మన రక్తంలోనే ఉందని వేదికల మీద తరచు వింటాం. చరిత్ర అలా చెప్పదు. 1669–79 మధ్య బంగాళాఖాతపు రేవులన్నీ తిరిగిన ఇంగ్లిషు వర్తకుడు థామస్ బౌరీ తన రాతల్లో మచిలీపట్నం, అంటే మన బందరు, గురించీ రాశాడు, భంగు గురించీ రాశాడు. తోటివాళ్లతో కలిసి బజారు నుంచి భంగు తెప్పించుకుని, తలుపులు బిగించుకుని తాగిన ఒక మధ్యాహ్నాన్ని వర్ణించాడు. ఒకాయన నేల మీద కూలబడి పొద్దుగూకేదాకా ఏడ్చాడు. ఇంకొకాయన భయంతో పెద్ద జాడీలో తల దూర్చి నాలుగు గంటలకు పైగా అలాగే ఉండిపోయాడు. మరొకాయన వరండా కొయ్యస్తంభంతో తగవు పెట్టుకుని వేళ్ల కణుపుల తోలు ఊడేదాకా గుద్దాడు. కొందరు తివాచీల మీద పడుకుని ఒకరినొకరు చక్రవర్తులని పొగుడుకున్నారు. బౌరీ మాత్రం మూడు గంటలసేపు చెమటలు కక్కుతూ కూర్చున్నాడు. ఆ కాలంలో భంగు బజారులో డబ్బిచ్చి కొనుక్కునే మామూలు సరుకు. దాచిపెట్టి అమ్మాల్సిన పని ఎవరికీ లేదు.

పల్లెల్లో తాటికల్లు, ఈతకల్లు కొన్ని ఇళ్లలో నిషిద్ధం, కొన్ని ఇళ్లలో రోజువారీ. గ్రామదేవతకు సాక పోయడానికి కావాలి, కోతల కాలంలో కూలీల ఒళ్లునొప్పులకూ కావాలి. గంజాయి మన నేలకు పరాయిదేమీ కాదు. అప్పట్లో కృష్ణా జిల్లాలోనే ఉన్న బాపట్ల తాలూకా మద్రాసు ప్రెసిడెన్సీలో గంజాయి పండే ముఖ్యమైన చోట్లలో ఒకటి. 1893–94లో దేశమంతా విచారించిన హెంప్ డ్రగ్స్ కమిషన్, మితంగా వాడితే పెద్ద చెరుపు లేదని, నిషేధించేకంటే పన్ను వేసి అదుపు చేయడం మేలని తేల్చింది. నల్లమందుకూ లైసెన్సు దుకాణాలుండేవి. గోదావరి, విశాఖ ఏజెన్సీల్లో చలిజ్వరానికి మందుగా దాన్ని మింగేవారు.

అప్పట్లో మత్తు సమస్య లేదని నా ఉద్దేశం కాదు. ఏ పదార్థం మర్యాద, ఏది నేరం అనే గీత కాలాన్ని బట్టి, కులాన్ని బట్టి, సర్కారు అవసరాన్ని బట్టి జరుగుతూ వచ్చిందని మాత్రమే అంటున్నాను.

ఆబ్కారీ వచ్చాక

పంతొమ్మిదో శతాబ్దంలో ఈ వ్యవహారాన్ని తలకిందులు చేసింది ఆబ్కారీ విధానం. 1886 నాటి మద్రాసు ఆబ్కారీ చట్టం కింద సారా తయారీ, అమ్మకం, కల్లుగీత అన్నీ సర్కారు అనుమతికి లోబడ్డాయి. చెట్టుకింత అని పన్ను పడింది. దుకాణాలు వేలానికి వచ్చాయి. అసలు తిరకాసు వేలంలోనే ఉంది. పాట పెంచి దుకాణం దక్కించుకున్న కాంట్రాక్టరు ఏడాది తిరిగేలోగా ఆ సొమ్ము రాబట్టుకోవాలి. అందుకు అమ్మకం పెరగాలి, కొత్త తాగుబోతులు పుట్టాలి, కూలివాడికి అరువు పెట్టాలి, అరువు తీరకపోతే వాడి కూలి మీద కూర్చోవాలి. 1855లో బెజవాడ ఆనకట్ట పూర్తయ్యాక డెల్టాలో వరి విస్తరించింది, చేతుల్లో రొక్కం ఆడింది. ఆ రొక్కం ఉన్నచోటికి దుకాణం నడిచివచ్చింది.

దీనికి ఎదురుతిరిగిన తీరులు రెండు. 1879లో రంప కొండల్లో మన్యం జనం తిరగబడడానికి ఉన్న ముఖ్యమైన కారణాల్లో కల్లు మీద పన్ను ఒకటి. తమ చెట్టు, తమ కల్లు, మధ్యలో మీ పన్నేమిటన్నది వారి ప్రశ్న. నలభై ఏళ్ల తరువాత డెల్టాలో జనం కల్లు దుకాణాల ముందు నిలబడి తాగొద్దని బతిమాలారు. ఒకరు తాగే హక్కు కోసం పోరాడారు, మరొకరు తాగొద్దని పోరాడారు. ఇద్దరి ఎదుటా ఉన్నది ఒకే ఆబ్కారీ. మన్యంలో మద్యం మానమని ప్రచారం చేసిన అల్లూరి సీతారామరాజే 1922లో పోలీసు స్టేషన్ల మీద దాడికి దిగాడని గుర్తు చేసుకుంటే ఈ రెండు దారులూ ఎక్కడ కలిశాయో తెలుస్తుంది.

బందరు నుంచి సంస్కరణ

మద్యపాన వ్యతిరేకతకు మర్యాదస్తుల భాష ఇచ్చిన ఊళ్లలో బందరుది ముందు వరుస. 1862లో ఇక్కడే పుట్టిన రఘుపతి వెంకటరత్నం నాయుడు నోబుల్ కళాశాలలో పాఠాలు చెప్పారు, నీతివర్తన ఉద్యమంలో భాగంగా మద్యం ముట్టమని యువకుల చేత ప్రతిజ్ఞ చేయించారు. ఆ తరం దృష్టిలో తాగుడు వ్యక్తి శీలానికి పట్టిన జబ్బు. మందు కూడా శీలమే.

దాన్ని రాజకీయ ప్రశ్నగా మార్చింది తరువాతి తరం. 1902లో మొదలై ముట్నూరి కృష్ణారావు సంపాదకత్వంలో ఎదిగిన కృష్ణాపత్రిక, 1910లో కోపల్లె హనుమంతరావు నడుంకట్టి నిలబెట్టిన ఆంధ్ర జాతీయ కళాశాల, వైద్యవృత్తి వదిలి కాంగ్రెసులో దిగిన భోగరాజు పట్టాభి సీతారామయ్య, ఈ ముగ్గురి బందరు సహాయ నిరాకరణకు సిద్ధంగా ఉన్న ఊరు. 1921లో బెజవాడలో అఖిల భారత కాంగ్రెసు కమిటీ సమావేశం జరిగాక డెల్టా అంతటా కల్లు, సారా దుకాణాల ముందు పికెటింగు సాగింది, వేలంపాటలను బహిష్కరించమని పిలుపులు వెళ్లాయి. మీరు తాగే ప్రతి ముంతకూ పరాయి సర్కారుకు పన్ను కడుతున్నారన్న మాట శీల ప్రబోధం కన్నా సూటిగా తగిలింది. 1931 గాంధీ–ఇర్విన్ ఒప్పందంలో శాంతియుత పికెటింగును సర్కారు ఒప్పుకోవాల్సి వచ్చింది. చివరకు ఆ భావన రాజ్యాంగం 47వ అధికరణంలోకి ఎక్కింది. ఆరోగ్యానికి చెరుపు చేసే మత్తు పానీయాలు, మందులు వైద్యానికి తప్ప వాడకుండా నిషేధం తెచ్చేందుకు రాజ్యం ప్రయత్నించాలని అది ఆదేశిస్తుంది.

ఈ ఉద్యమంలో ఒక లోపం మొదటి నుంచీ ఉంది. దాన్ని నడిపినవారిలో ఎక్కువమంది తాగని కులాలవారు. మోకు వేసుకుని, ముస్తాదు కట్టుకుని, తెల్లవారకముందే చెట్టెక్కి ప్రాణానికి తెగించి గీసే మనిషి వారికి పాపపు వృత్తిలో ఉన్నవాడిగానే కనబడ్డాడు. వేలం పాడిన కాంట్రాక్టరును తిట్టే నోటితోనే గీత కార్మికుడినీ తిట్టారు. ఈ పొరపాటుకు ముప్పై ఏళ్ల తరువాత మూల్యం చెల్లించాల్సి వచ్చింది.

నిషేధంలో పుట్టిన దేవదాసు

1937లో మద్రాసు ప్రధాని అయిన రాజాజీ ఆ అక్టోబర్ 1న సేలం జిల్లాలో మద్యనిషేధం మొదలుపెట్టారు. తరువాత చిత్తూరు, కడపలకూ విస్తరించారు. పోయిన ఆబ్కారీ రాబడిని పూడ్చుకోవడానికి 1939లో అమ్మకపు పన్ను తెచ్చారు. మద్యం లేకుండా ఖజానా ఎలా నడుస్తుందన్న ప్రశ్నకు ఒక తెలుగు–తమిళ ప్రభుత్వం ఇచ్చిన నిజాయితీ గల జవాబు అది. విచిత్రమేమంటే మద్యానికి బదులుగా వచ్చిన ఆ పన్ను తరువాతి కాలంలో ఉండిపోయింది, మద్యం రాబడీ తిరిగివచ్చింది.

1948 అక్టోబర్ 2 నాటికి నిషేధం మద్రాసు రాష్ట్రమంతటా అమలైంది. దాని బరువంతా గీత వృత్తి మీద పడింది. కుండ లోపల సున్నం పూసి చెట్టుకు కడితే దిగేది తీపి నీరా, దాన్ని కాచి తాటిబెల్లం చేసుకోవచ్చు, చట్టం అభ్యంతరం చెప్పదు. సున్నం పూత పలచబడితే అదే నీరు పులిసి కల్లవుతుంది, గీసినవాడు నేరస్థుడవుతాడు. తాటిచెట్టు మీద ఉన్న మనిషి జీవితం ఆ సున్నపు పూత మందం మీద ఆధారపడింది. 1954లో గౌతు లచ్చన్న నాయకత్వంలో గీత కార్మికులు సత్యాగ్రహానికి దిగారు. ఎస్.వి. రామమూర్తి కమిటీ నిషేధం విఫలమైందని, ఎత్తివేయాలని సిఫారసు చేసింది. ఆ సిఫారసు ఆమోదించని ప్రకాశం ప్రభుత్వం 1954 నవంబర్‌లో అవిశ్వాస తీర్మానంలో ఒక్క ఓటు తేడాతో కూలిపోయింది. మద్రాసు నుంచి విడిపోయిన కొత్త ఆంధ్ర రాష్ట్రపు మొట్టమొదటి ప్రభుత్వాన్ని పడగొట్టింది కల్లు ప్రశ్న.

అదే కాలంలో, 1953లో, దేవదాసు సినిమా వచ్చింది. తెలుగువారి మనసులో తాగుబోతు రూపాన్ని శాశ్వతంగా చెక్కిన ఆ సినిమా దాదాపుగా ఈ డెల్టా బిడ్డల చేతిపని. దేవదాసుగా నటించిన అక్కినేని నాగేశ్వరరావుది గుడివాడ దగ్గరి రామాపురం. పాటలు పాడిన ఘంటసాల గుడివాడ ప్రాంతపు చౌటపల్లిలో పుట్టారు. దర్శకుడు వేదాంతం రాఘవయ్యది కూచిపూడి. మద్యం చట్టవిరుద్ధంగా ఉన్న ఆంధ్రలో జనం హాళ్లు నింపి తాగి చచ్చిపోయే మనిషి కోసం కన్నీళ్లు పెట్టుకున్నారు. చట్టం తాగేవాడిని నేరస్థుడంటే, సినిమా వాడిని గాయపడ్డ మనిషన్నది. తరువాతి తరాలు ఆ జాలినీ కాస్త పక్కదోవ పట్టించాయి. ప్రేమ విఫలమైతే సీసా పట్టడం మగతనమైంది, ఇంట్లో దెబ్బలు తిన్న భార్య కథ తెర మీదికి రాలేదు. ఆ కథ బయటికి రావడానికి ఇంకో నలభై ఏళ్లు పట్టింది.

దూబగుంట నేర్పింది

1960ల చివర నిషేధం తొలగింది. ఖజానాకు కొత్త ఊపిరి వచ్చింది. 1970–71లో 39 కోట్లున్న ఎక్సైజు రాబడి 1991–92కి 812 కోట్లయింది. మధ్యలో 1980ల రెండో సగంలో 'వారుణి వాహిని' పేరుతో ప్రభుత్వ సారా ప్యాకెట్లలోకి మారింది. కల్తీని అరికట్టడం దాని ఉద్దేశమన్నారు. ప్యాకెట్ జేబులో పడుతుంది, గట్టు మీదికి వెళుతుంది, అరువుకు ఇంటి గుమ్మం దాకా వస్తుంది. దుకాణానికి వెళ్లే శ్రమ తప్పడంతో మగవాడిని తాగుడు నుంచి ఆపే చివరి అడ్డూ పోయింది.

నెల్లూరు జిల్లాలో అక్షరదీపం కింద రాత్రిబడులకు వచ్చిన ఆడవాళ్లు చదివిన పాఠాల్లో తమలాంటి స్త్రీ ఊళ్లో సారా దుకాణం మూయించిన కథ ఉంది. దూబగుంటలో వర్ధినేని రోశమ్మ, తోటి స్త్రీలు ఆ పని నిజంగా చేశారు. 1992లో ఉద్యమం జిల్లాలు దాటింది. ఆడవాళ్లు ప్యాకెట్లు తగలబెట్టారు, సారా బండ్లను ఊళ్లోకి రానివ్వలేదు, వేలంపాటలు జరగకుండా కలెక్టరేట్ల ముందు బైఠాయించారు. వావిలాల గోపాలకృష్ణయ్య వంటి గాంధేయులు, వామపక్షాల మహిళా సంఘాలు, పత్రికలు వెన్నుదన్నుగా నిలిచాయి. 1993 ఏప్రిల్‌లో నెల్లూరు జిల్లాలో, అక్టోబర్ 1 నుంచి రాష్ట్రమంతటా సారా నిషేధం వచ్చింది.

ఈ ఉద్యమం ఎందుకు గెలిచిందో నిదానంగా చూడాలి. అందులో ఉన్నవారు తాగేవారి భార్యలు, తల్లులు. ఆ మగవాళ్లను వెలివేయడం వారికి కుదరదు, సాయంత్రం వాళ్లకే అన్నం పెట్టాలి. అందుకే వేలాన్ని ఆపారు, దుకాణం మూయించారు, సర్కారును నిలదీశారు. మంచినీళ్లు ఇవ్వలేని ప్రభుత్వం మా గుమ్మంలోకి సారా ఎలా పంపుతోందన్న ప్రశ్నకు ఏ మంత్రి దగ్గరా జవాబు లేదు. శీలం గురించి ఉపన్యాసం లేకుండా, కులవృత్తిని తిట్టకుండా, మత్తు రాజకీయాన్ని మొదటిసారి నేరుగా పట్టుకున్నది చదువు నేర్చుకుంటున్న కూలి ఆడవాళ్లు.

తెచ్చినవారు, ఎత్తేసినవారు

నిమ్మకూరులో పుట్టి, 1983, 1985 ఎన్నికల్లో గుడివాడ నుంచి గెలిచిన ఎన్.టి. రామారావు హయాంలోనే వారుణి వాహిని వచ్చింది. ఆయనే 1994 డిసెంబర్‌లో ప్రమాణ స్వీకారం చేసిన వేదిక మీదే మద్యనిషేధం దస్త్రంపై సంతకం చేశారు. 1995 జనవరి 16 నుంచి సంపూర్ణ నిషేధం అమలైంది. చట్టం పైనుంచి వచ్చింది, దాన్ని కాపాడాల్సిన మహిళా సంఘాలకు అందులో చోటు దక్కలేదు. యానాం నుంచి, పక్క రాష్ట్రాల నుంచి సీసాలు దిగాయి. లంకల్లో, మడ అడవుల అంచుల్లో బెల్లపు ఊట డ్రమ్ములు లేచాయి. 1997లో చంద్రబాబునాయుడు ప్రభుత్వం నిషేధం ఎత్తేసింది. రాబడి లేదన్నది ప్రధాన కారణం. రాజాజీ వేసుకున్న లెక్కను ఈసారి ఎవరూ వేయలేదు.

2019లో దశలవారీ నిషేధం హామీతో వచ్చిన ప్రభుత్వం అక్టోబర్ నుంచి దుకాణాలను తన చేతిలోకి తీసుకుని 4,380 నుంచి 3,500కి తగ్గించింది. 2020 మేలో ధరలు 75 శాతం పెంచింది. ధర పెంచితే తాగుడు తగ్గుతుందన్న సూత్రం కొంతవరకు నిజమే కాని, బానిసైన మనిషికి వర్తించదు. ఆ ఏడాది జులై చివర ప్రకాశం జిల్లా కురిచేడులో మద్యం దొరకనివారు శానిటైజర్ తాగారు, పదిమందికి పైగా చనిపోయారు. అటు నిషేధం మాట అలా ఉండగానే 2022లో బెవరేజెస్ కార్పొరేషన్ మద్యం రాబడి ఆధారంగా బాండ్లు అమ్మి 8 వేల కోట్లకు పైగా అప్పు తెచ్చింది. రేపటి తాగుడును ఈరోజే తాకట్టు పెట్టిన ప్రభుత్వం రేపు తాగుడు మాన్పిస్తుందని ఎలా నమ్మాలి?

2024 అక్టోబర్‌లో దుకాణాలు తిరిగి ప్రైవేటు చేతుల్లోకి వెళ్లాయి. 3,396 దుకాణాలకు దాదాపు 90 వేల దరఖాస్తులు, ఒక్కో దరఖాస్తుకు తిరిగిరాని రుసుము 2 లక్షలు. ఒక్క సీసా అమ్మకముందే ఖజానాకు దాదాపు 1,800 కోట్లు చేరాయి. 99 రూపాయలకే క్వార్టర్ దొరుకుతుందని చెప్పుకోవడం ఘనకార్యమైంది. గీత కులాలకు 340 దుకాణాలు కేటాయించారు. చెట్టు మీద బతికినవారికి సీసా అమ్మకంలో వాటా ఇవ్వడం న్యాయంగా కనిపిస్తుంది, కాని గీత కార్మికుడికి కావాల్సినవి చెట్లు, ప్రమాద బీమా, కల్తీ లేని కల్లుకు గిరాకీ. పార్టీలు మారినా ఖజానా దాహం మారలేదన్నదే ఈ ముప్పై ఏళ్ల సారాంశం.

గంజాయి: కొత్త శత్రువు

1985 నాటి మాదకద్రవ్యాల (ఎన్‌డీపీఎస్) చట్టంతో గంజాయి లైసెన్సు దుకాణాల నుంచి జైలు సెక్షన్లలోకి మారింది. సాగు మన్యానికి ఎక్కింది. ఆంధ్ర–ఒడిశా సరిహద్దులో పండే శీలావతి రకానికి దేశమంతా గిరాకీ ఉంది. 2021లో పోలీసులు 'ఆపరేషన్ పరివర్తన' పేరుతో వేల ఎకరాల తోటలు నరికారు. 2022 ఫిబ్రవరిలో అనకాపల్లి దగ్గర కోడూరులో దాదాపు 2 లక్షల కిలోల గంజాయిని తగలబెట్టారు. 2024 చివర ఈగల్ అనే ప్రత్యేక దళం, 1972 నంబరుతో ఫిర్యాదుల ఫోను వచ్చాయి. పెద్ద వ్యాపారం వేరే దారుల్లోనూ ఉంది. 2021 సెప్టెంబర్‌లో గుజరాత్ ముంద్రా రేవులో దొరికిన దాదాపు 3 వేల కిలోల హెరాయిన్, విజయవాడ చిరునామాతో నమోదైన ఒక సంస్థ పేరు మీద దిగింది. ఆ చిరునామా తప్ప సరుకుకు విజయవాడతో సంబంధం లేదని పోలీసులు అప్పట్లో చెప్పినా, మన కాగితం ఎంత పెద్ద వ్యాపారానికి ముసుగు కాగలదో అది చూపించింది.

డెల్టాలో కనిపించే ముఖం ఇంత పెద్దది కాదు. విశాఖ వైపు నుంచి జాతీయ రహదారి మీద, రైళ్లలో వచ్చే సరుకు చిన్న పొట్లాలై కాలేజీ గోడల వెనక్కి, రైల్వే గేట్ల దగ్గరికి చేరుతుంది. అరెస్టుల వార్తల్లో వరుసగా నిలబెట్టిన పంతొమ్మిది, ఇరవై ఏళ్ల కుర్రాళ్లే కనిపిస్తారు. మన్యంలో కూలికి మూట మోసిన గిరిజనుడు, ఇక్కడ పొట్లం కొన్న కుర్రాడు, వీళ్లిద్దరే చట్టానికి సులువుగా దొరికే కొసలు. మధ్యలో పెట్టుబడి పెట్టినవాడు అరుదుగా దొరుకుతాడు.

చట్టంలోనే ఒక తలుపు ఉంది. గంజాయి ఒక కిలో దాకా చిన్న మొత్తం, 20 కిలోలు దాటితే పెద్ద మొత్తం. చిన్న మొత్తంతో పట్టుబడిన బానిస తనంతట తాను చికిత్సకు ముందుకొస్తే 64ఏ సెక్షన్ కింద విచారణ నుంచి మినహాయింపు పొందవచ్చు. ఈ సంగతి తెలిసిన తల్లిదండ్రులు డెల్టాలో ఎంతమంది? ప్లకార్డు మీద శిక్ష ఎన్నేళ్లో రాస్తున్నాం, ఈ సెక్షన్ గురించి రాయడం లేదు. కొడుకు జేబులో పొట్లం చూసిన తల్లి ముందు భయపడేది పోలీసుకు, తరువాత ఇరుగుపొరుగుకు. ఆసుపత్రి ఆమె ఆలోచనలోకి వచ్చేసరికి చాలా ఆలస్యమవుతుంది. 2019లో ఎయిమ్స్ ప్రకటించిన జాతీయ సర్వే ప్రకారం మద్యానికి బానిసైనవారిలో 38 మందికి ఒక్కరికే ఏదో ఒక సాయం అందుతోంది. అక్రమ మాదకద్రవ్యాల విషయంలో 20 మందికి ఒకరు. ఇంట్లో దాచిపెట్టిన జబ్బుకు లెక్కలు ఇలాగే ఉంటాయి.

జపాన్ ఎంచుకున్న దారి

మాదకద్రవ్యాలను కఠినంగా అణచివేసి గెలిచిన దేశంగా జపాన్ పేరు తరచు వినిపిస్తుంది. ఆ కథను పూర్తిగా తెలుసుకోవాలి. నల్లమందుతో చైనా ఏమైందో చూసిన జపాన్ 1858లో అమెరికాతో చేసుకున్న ఒప్పందంలోనే దాని దిగుమతిని నిషేధించుకుంది. అదే జపాన్ 1895లో తైవాన్ చేతికొచ్చాక అక్కడ నల్లమందు అమ్మకాన్ని ప్రభుత్వ గుత్తాధిపత్యంగా నడిపింది, తరువాత మంచూరియాలోనూ అంతే. ఇంట్లో నిషేధం, వలసల్లో వ్యాపారం. మెథాంఫెటమిన్‌ను తొలిసారి తయారుచేసినదీ జపాన్ శాస్త్రవేత్త నగాయ్ నగయోషియే, 1893లో. 1941 నుంచి అది హిరొపోన్ పేరుతో మందుల షాపుల్లో అమ్ముడైంది, యుద్ధంలో సైనికులకూ, ఫ్యాక్టరీ కార్మికులకూ ఇచ్చారు. ఓటమి తరువాత ఆ నిల్వలు బజారున పడి లక్షలమంది బానిసలయ్యారు. 1951లో చట్టం వచ్చింది, 1954లో 55 వేలమందికి పైగా అరెస్టయ్యారు. సరఫరా తెగడంతో ఆ వెల్లువ రెండు మూడేళ్లలో తగ్గింది.

తరువాతి దశాబ్దాల్లో జపాన్ ప్రచారం మనిషి మీదికి మళ్లింది. మత్తు మానతావా, మనిషిగా ఉండడం మానతావా అని అడిగే టీవీ ప్రకటన 1980లలో వచ్చింది. 'వద్దు, ముమ్మాటికీ వద్దు' అనే అర్థం వచ్చే నినాదం బడిగోడలకెక్కింది. వాడకం తక్కువగానే ఉంది, అది నిజమైన విజయం. దాని రెండో వైపు కూడా నిజమే. పట్టుబడినవాడు ఉద్యోగానికీ, బంధువులకూ, ఊరికీ దూరమవుతాడు. జైలు నుంచి వచ్చి మళ్లీ జైలుకు వెళ్లేవారు ఎక్కువ కావడంతో, 2016 నుంచి శిక్షలో కొంత భాగాన్ని బయట పర్యవేక్షణలో, చికిత్సతో గడిపే ఏర్పాటు చేయాల్సి వచ్చింది. అంతకుముందే 1985లో, తానూ ఒకప్పుడు బానిసైన కొందో త్సునేవో 'దార్క్' అనే పునరావాస గృహం మొదలుపెట్టాడు. కోలుకున్నవాడే కోలుకోవాల్సినవాడికి తోడుండే ఆ పద్ధతి దేశమంతా పాకింది.

జపాన్ నుంచి మనం తీసుకోవాల్సినవి, వదులుకోవాల్సినవి రెండూ ఉన్నాయి. సరఫరాను మూలంలో తెంచడం తీసుకోవాలి. బానిసైనవాడిని మనుషుల జాబితా నుంచి కొట్టివేయడం వదులుకోవాలి. మనం దానికి తలకిందులుగా చేస్తున్నాం. మద్యం సరఫరాను పెంచుతున్నాం, గంజాయి కుర్రాడిని వెలివేస్తున్నాం.

ఇక చేయాల్సింది

మద్యం, గంజాయి ఒకటేనని నేను అనడం లేదు. ఎదిగే వయసు మెదడుకు గంజాయి చేసే చెరుపు నిజం, ముఠాల హింస నిజం, దాన్ని అరికట్టాల్సిందే. అయితే జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే అయిదో విడత లెక్కల్లో ఆంధ్రప్రదేశ్ మగవారిలో 23.3 శాతం, తెలంగాణ మగవారిలో 43.3 శాతం మద్యం తాగేవారు. ఈ డెల్టాలో ఎక్కువ ఇళ్లను కూల్చినది లైసెన్సున్న సీసా. దాని గురించి పిల్లల చేత ఒక్క ప్లకార్డూ పట్టించని ప్రభుత్వం గంజాయి గురించి చెప్పేది పిల్లలు సగమే నమ్ముతారు.

అందుకే నాలుగు పనులు అడగాలి. మద్యం రాబడి మీద అప్పులు తేవడం చట్టం ద్వారా ఆపాలి, ఏటా ఆ రాబడిపై ఆధారం ఎంత తగ్గిందో శాసనసభకు లెక్క చెప్పాలి. దుకాణం ఎక్కడ పెట్టాలో, పెట్టాలో వద్దో, ఊరి ఆడవాళ్ల సభ నిర్ణయించాలి, ఆ తీర్మానాన్ని కలెక్టరు తోసిపుచ్చలేనట్టు ఉండాలి. బందరు ప్రభుత్వ ఆసుపత్రి నుంచి గుడివాడ, అవనిగడ్డ ఆసుపత్రుల దాకా పడకలు, మానసిక వైద్యుడు, కోలుకున్నవారి తోడు ఉన్న వ్యసన విముక్తి విభాగాలు రావాలి, 14446 సహాయ నంబరూ 64ఏ సెక్షనూ శిక్షల పక్కనే ప్రతి కాలేజీ గోడ మీదా కనబడాలి. గీత వృత్తిని నేరాల జాబితా నుంచి, ఓట్ల జాబితా నుంచి రెండింటి నుంచీ విడిపించి నీరా, బెల్లం, స్వచ్ఛమైన కల్లుగా నిలబెట్టాలి.

రఘుపతి వెంకటరత్నం నాయుడు మనిషిని మార్చాలనుకున్నారు. పట్టాభి తరం పరాయి ఖజానాను దెబ్బకొట్టింది. దూబగుంట స్త్రీలు సొంత ప్రభుత్వాన్నే నిలదీశారు. ఈ మూడింటిలో మూడోదానికే ఎక్కువ ఫలితం వచ్చింది, మూడోదాన్నే మనం అన్నిటికంటే త్వరగా మరిచిపోయాం. రేపు గంజాయి కేసులో పట్టుబడిన కుర్రాడి ఫొటో పేపర్లో చూసినప్పుడు, వీడు ఎలాంటివాడు అని అడగకముందు, ఇది వీడి చేతికి ఎవరు చేర్చారు, దాని మీద ఎవరు బతుకుతున్నారు అని అడగడం నేర్చుకోవాలి. మద్యం దుకాణం బోర్డు చూసినప్పుడూ అదే ప్రశ్న అడగాలి. ఒకే ప్రశ్నను రెండు చోట్లా అడగగలిగిన రోజున ఈ డెల్టాకు మత్తు మీద నిజమైన వైఖరి ఏర్పడుతుంది.